తొమ్మిదో మలుపులో పసుపు రాయి

నిన్న సాయంత్రం పసుపు ఎనామిల్ పెయింటు డబ్బా మూతని స్క్రూడ్రైవరుతో లేపగానే ఆ ఘాటు వాసన వంటింటి దాకా వెళ్లింది. "గేటుకా?" అని మా ఆవిడ అక్కణ్ణుంచే అడిగింది. "కాదు, కొండ మీదికి" అన్నాను. "అనుకున్నాలే" అని వంటింటి తలుపు దగ్గరగా వేసుకుంది. ఈ వాసన తగిలినప్పుడల్లా నాకు మస్తాన్ వలీ గారు గుర్తొస్తారు. ఆయన వెనకే కొంచెం సిగ్గు కూడా వస్తుంది.

మస్తాన్ గారిది కంకిపాడు దగ్గర ఒక పల్లె. అక్కడ కాలవ గట్టుని మించిన ఎత్తు కంటికి కనపడదు. అలాంటి చోట పుట్టి, ఆయన కొండల మీద దారులు వెయ్యడం వృత్తిగా చేసుకున్నారు. తారు రోడ్లు కావు, మెట్లు కావు. సరదాకి కొండెక్కేవాళ్లు నడిచేందుకు, లావు టైర్ల సైకిళ్ల వాళ్లు దిగేందుకు, మట్టి తవ్వి సర్ది వేసే సన్నటి దారులు. కుర్రతనంలో ఒక కాంట్రాక్టరు వెంట హిమాలయాల వైపు వెళ్లి అక్కడ ఈ పని నేర్చుకున్నారు. ఇరవై ఏళ్లు ఎవరెవరి కొండల మీదో చేశాక, మైలవరం అవతలి కొండల్లో మొదటిసారి సొంత ప్రాంతంలో పని దొరికింది. పని ఇచ్చింది విజయవాడలోని ఒక సైకిల్ క్లబ్బు. దాని కార్యదర్శి ఎముకల డాక్టరు. జనాన్ని సైకిళ్ల మీద కొండ దింపాలని ఎముకల డాక్టరుకి ఇంత ఉబలాటం ఎందుకో మస్తాన్ గారికి చివరిదాకా అనుమానమే.

నేను అప్పటికి పాతికేళ్లు ఒక దినపత్రిక డెస్కులో పనిచేసి, మా ఎడిషన్ మూతపడటంతో ఇంట్లో కూర్చున్నాను. దారి పొడవునా పెట్టే బోర్డుల మీద తప్పుల్లేని తెలుగు రాసిపెట్టమని డాక్టరు గారు పిలిచారు. నెల రోజుల పనన్నారు. ఆరేళ్లయింది, ఇంకా ఈ పనిలోనే ఉన్నాను.

మొదటిరోజు ఉత్సాహం కొద్దీ గడ్డపార అందుకోబోతే మస్తాన్ గారు ఆపారు. "మీరేం తవ్వొద్దు రిపోర్టరు గారూ. వారం రోజులు ఊరికే నడవండి" అన్నారు. నేను రిపోర్టర్ని కాదు, సబ్ ఎడిటర్నని రెండుసార్లు చెప్పాను. ఆయన లెక్కలో పేపరులో పనిచేసిన వాళ్లందరూ రిపోర్టర్లే. సరేనని నడిచాను. ఆయన నా వెనక వస్తూ, తాగడానికి తెచ్చుకున్న నీళ్లసీసా తీసి దారి మీద ధారగా ఒంపి, గొంతుక్కూచుని చూసేవారు. నీళ్లు దారికి అడ్డంగా దాటి లోయలోకి జారిపోతే ముఖం వెలిగిపోయేది. దారి వెంటే పాకితే అక్కడ మళ్లీ తవ్వకం మొదలు. "నీళ్లు దారి పట్టుకుని నడిచినయ్యంటే దారిని తినేస్తయ్యండీ. దాటి పోనివ్వాల" అనేవారు. మధ్యాహ్నానికి ఆయన సీసా ఖాళీ. దాహం మాత్రం అలాగే ఉండేది. అప్పుడు నా సీసా అడిగేవారు. నేను ఇచ్చేవాణ్ణి. అందులో సగం కూడా దారి మీదే పోసేవారు.

ఆ రోజుల్లో మమ్మల్ని ఎక్కువ ఇబ్బంది పెట్టింది రాళ్లూ ముళ్లూ కావు, ఒక ప్రశ్న. టీకొట్టులోనూ, ఆటోలోనూ, సైకిలు పంక్చరు వేసే చోటా అందరూ అడిగేదొకటే: "పైన ఏ దేవుడండీ?" మా వైపు కొండకి దారి వేస్తున్నారంటే పైన దేవుడుండాలి.

"ఎవరూ లేరండీ" అనేవారు మస్తాన్ గారు.

"మరి ఎందుకు ఎక్కటం?"

"దిగటానికండీ."

అడిగినాయన మా ఇద్దరి ముఖాలూ మార్చి మార్చి చూసి, టీ తాగడం పూర్తిచేసి వెళ్లిపోయేవాడు.

ఈ ప్రశ్న ఆయన ఇంట్లోనూ ఉండేది, ఇంకో రూపంలో. ఒకరోజు అన్నం క్యారేజీలు విప్పుకున్నప్పుడు చెప్పారు. "గోడ కట్టినోడు పెళ్లాన్ని తీసుకెళ్లి గోడ చూపిస్తాడు. నువ్వేం చూపిస్తావయ్యా అంటదండీ మా ఆవిడ. ఇరవై ఏళ్లయింది, ఒక్క దారీ చూడలా. ఇది ప్రారంభం రోజున తీసుకొస్తా." ఆవిడకి మోకాళ్ల నొప్పులు కదా అన్నాను. ఆయన అటూ ఇటూ చూసి గొంతు తగ్గించారు. "కొండ మొత్తం ఆవిడ మోకాళ్ల లెక్కనే వాలు పెట్టుకుంటా వస్తన్నానండీ. డాక్టరు గారితో అనబాకండి."

ప్రారంభానికి రెండు నెలల ముందు నాకొక స్వతంత్ర బాధ్యత దొరికింది. దారి గట్టిగా వంకర తిరిగే ప్రతి చోటా ఒక పెద్ద రాయికి దూరం నుంచి కనిపించేలా రంగు వెయ్యాలి. ఏ రంగో ఆయన చెప్పలేదు. నేను బాగా ఆలోచించాను. జాగ్రత్త చెప్పే రంగు పసుపు, ఆగమనే రంగు ఎరుపు. రెండూ కలిపితే చదువు రానివాళ్లకి కూడా అర్థమవుతుంది. ముందుగా తొమ్మిదో మలుపులో, మోకాలెత్తు రాయికి నిండా పసుపు పూసి, నడిమధ్యన ఎర్ర చుక్క పెట్టాను. నాలుగడుగులు వెనక్కి వచ్చి చూసుకుంటే, ఇంత తక్కువ మాటల్లో ఇంత స్పష్టమైన శీర్షిక జీవితంలో పెట్టలేదనిపించింది. మిగతా రాళ్లు సోమవారం చూద్దామని ఇంటికొచ్చేశాను.

సోమవారం వెళ్లేసరికి రాయి ముందు కొబ్బరి చిప్ప ఉంది. పక్కనే రెండు అగరొత్తుల పుల్లలు, చామంతి పూలు.

మస్తాన్ గారు ఒక చామంతి తీసి చూసి, మళ్లీ అక్కడే పెట్టారు. తర్వాత నెమ్మదిగా అడిగారు. "రిపోర్టరు గారూ, మీరు ఏ ఊళ్లో పెరిగారు?"

"విజయవాడేనండీ."

"విజయవాడలో పెరిగి, రాయికి పసుపు రాసి బొట్టు పెట్టారా!"

సంగతి ఆరా తీస్తే తేలింది ఇదీ. కింది ఊళ్లో మేకలు కాసే నాంచారమ్మ మేక ఒకటి తప్పిపోయి, మూడోరోజున ఈ రాయి దగ్గర పడుకుని కనిపించింది. రాయి పచ్చగా, బొట్టుతో ఉంది. ఇంకేం కావాలి? మొదటి శుక్రవారం ముగ్గురొచ్చారు. నెల తిరిగేసరికి ఆదివారాలు కూడా మొదలయ్యాయి. మలుపు వెనక నుంచి సైకిళ్లు విసురుగా దిగే చోట, సరిగ్గా దారి మధ్యన, పదిహేనుమంది ఆడవాళ్లు వెనక్కి తిరిగి దణ్ణం పెట్టుకుంటున్నారు. పైగా ఊళ్లో పెద్దలు కింది నుంచి సిమెంటు మెట్లు కట్టిద్దామంటున్నారట.

డాక్టరు గారు కారు దిగి కొండెక్కి, ఆయాసం తీరకుండానే తేల్చేశారు. "వచ్చే ఆదివారం ప్రారంభం. మలుపులో మనుషులుంటే ఒక్క సైకిల్ని కూడా దింపను. ఆ రోజు తెల్లారేలోపు రాయి తీయించెయ్యండి. లేదా ఈ దారి సంగతి మర్చిపోండి. మెట్లే కట్టుకోనివ్వండి."

"రాయి తీస్తే గుంట మిగులుద్దండీ" అన్నారు మస్తాన్ గారు. "అప్పుడు గుంటకి మొక్కుతారు."

డాక్టరు గారు వెళ్లాక మస్తాన్ గారు ఆ రాయికి కాస్త దూరంగా కూర్చున్నారు. నన్ను ఒక్క మాట అనలేదు. అంటే బావుండేది. "మెట్లొస్తే మా ఆవిడ ఎక్కలేదండీ" అన్నారు, అంతే.

పేపరులో తప్పు పడితే మర్నాడు సవరణ వేస్తాం. నాకు తెలిసిన విద్య అదొక్కటే. సాయంత్రం నాంచారమ్మ ఇల్లు వెతుక్కుంటూ వెళ్లాను. మేకలకి ఆకు వేస్తోంది. దగ్గరికెళ్లి చెప్పాను. "అమ్మా, ఆ రాయి మీద ఉన్నది పసుపు కాదు. పెయింటు. నేనే వేశాను."

ఆమె తలెత్తకుండానే, "తెలుసు బాబూ" అంది. "డబ్బా మూత అక్కడే పారేసి పోయావుగా. మా ఇంట్లో కుండ మీద పెట్టుకున్నా."

"మరి తెలిసీ..."

"మేక ఆ రాయి కాడ దొరికిందా, నీ కాడ దొరికిందా?"

"రాయి దగ్గరే."

"మరింకేం? పైగా మామూలు పసుపయితే వానకి పోద్ది. నీది పోలా. పనోడివే" అని, అప్పుడు తలెత్తి నవ్వింది. సైకిళ్ల ప్రమాదం సంగతి చెబితే శ్రద్ధగా విని, "మేం కాళ్లిరగ్గొట్టుకోవటానికి వస్తన్నామా ఏంటి? నిలబడే చోటు చూపిస్తే అక్కడ నిలబడతాం. ఎవరన్నా అడిగారా మమ్మల్ని?" అంది. నిజమే, ఎవరూ అడగలేదు.

మర్నాడు పొద్దున మలుపు దగ్గర ఈ మాట చెప్పగానే మస్తాన్ గారు లేచి నిలబడి, సీసాలో నీళ్లన్నీ మలుపు పైనుంచి ఒంపేశారు. అవి రాయి దగ్గరికి రాకముందే ఎడమకి తిరిగి కిందికి జారాయి. "చూశారా? నీళ్లే పక్కకి తప్పుకున్నయ్యి. రాయి ఎందుకు కదలాలండీ, దారినే జరుపుదాం." ఇంకో మాట కూడా అన్నారు, నా వైపు చూడకుండా. "ఈ మలుపు మొదట్నించీ నాకు నచ్చలా. తప్పు నాదేనని ఒప్పుకోటానికి మొహమాటపడి ఊరుకున్నా."

నాలుగు రోజులు పనిచేశాం. ఆయన చేతిలో పలుగు, నా చేతిలో పార. అప్పటికి నన్ను తవ్వనిచ్చారు. సైకిళ్ల దారి రాయికి బాగా దిగువగా వంపు తిరిగింది. మలుపుకి ముందు చిన్న మిట్ట వేశారు, ఎంతటి వీరుడైనా అక్కడ వేగం తగ్గాల్సిందే. రాయి ముందు పదిమంది నిలబడే చదును, నడిచి ఎక్కేవాళ్లకి పక్కనుంచి దారి. నాంచారమ్మ వచ్చి చదును మీద నిలబడి చూసి, "చెప్పులు విడిచేందుకు చోటేది?" అంది. ఇంకో రెండు గంటలు తవ్వాం. మెట్ల సంగతి ఆమే ఊళ్లో పెద్దలకి చెప్పింది. ఇంత నున్నటి దారుండగా మెట్లెందుకని.

ఆదివారం డాక్టరు గారు కొత్త వంపు చూసి సరేనన్నారు. ముందు నడిచేవాళ్లు, తర్వాత సైకిళ్లు. మస్తాన్ గారి భార్య ఖాసింబీ గారు నల్ల గొడుగు వేసుకుని, ఎక్కడా ఆగకుండా తొమ్మిదో మలుపు దాకా వచ్చారు. చదును మీద కూర్చుని నాంచారమ్మ ఇచ్చిన కొబ్బరి ముక్క తింటూ చుట్టూ చూశారు. మస్తాన్ గారు దూరంగా, పరీక్ష ఫలితం కోసం నిలబడ్డ వాడిలా ఉన్నారు.

"ఇంతకీ నువ్వేం చేశావయ్యా ఇక్కడ? దారి ముందే ఉన్నట్టుందిగా" అన్నారావిడ.

ఆ మాటకి ఆయన ఎంత సంతోషించారో నేను చూశాను. పాతికేళ్లలో నా శీర్షికని ఎవరూ అంతగా మెచ్చుకోలేదు.

మస్తాన్ గారు ఇప్పుడు కంకిపాడులోనే ఉంటున్నారు. ఆయన మోకాళ్లూ అరిగాయి. ఆపరేషన్ చేసింది ఆ డాక్టరు గారే. తన అనుమానం ఇన్నాళ్లకి రుజువైందని మస్తాన్ గారు వచ్చినవాళ్లందరికీ చెబుతున్నారు. కొండలు నాకు అప్పజెప్పారు. నేనూ సీసాడు నీళ్లు దారి మీదే పోస్తున్నాను. ఏదైనా అడ్డొస్తే గడ్డపార కోసం చూడకుండా ముందు అక్కడికి వచ్చిపోయేవాళ్లని అడుగుతున్నాను. ఇంట్లో కూడా కొన్నిసార్లు పనికొస్తోంది.

పోయినవారం తొమ్మిదో మలుపు దగ్గర నాంచారమ్మ ఆపింది. "బాబూ, రంగు వెలిసిపోయింది. ఇంకో డబ్బా పట్రా. ఆ కంపెనీదే." మస్తాన్ గారికి ఫోన్ చేసి ఏం చెయ్యమంటారని అడిగాను.

"వెయ్యండి, రెండు కోటింగులు" అన్నారు. "బొట్టు మాత్రం ఈసారి గుండ్రంగా రావాలండీ. అప్పుడు వంకరగా పెట్టారు. చెబితే బాధపడతారని ఊరుకున్నా."

నిన్న వరండాలో పాత పేపరు పరిచి, ఎర్ర రంగుతో చుక్కలు పెట్టడం సాధన చేశాను. పదకొండోది కాస్త గుండ్రంగా వచ్చింది.