డిగ్రీ వద్దన్న టైలరమ్మ

కోరుట్ల నుంచి జగిత్యాల వెళ్లే బస్సులో నా పక్కన ఒక టైలరమ్మ కూర్చుంది. ఏదో ఆన్‌లైన్ యూనివర్సిటీ నుంచి ఆమెకు ఫోన్ వచ్చింది. బస్సు చప్పుడుకు వినపడక స్పీకర్ పెట్టింది.

"మీ కుట్టుపని అనుభవమే చదువు మేడమ్. పరీక్ష లేకుండానే డిగ్రీ ఇస్తాం," అన్నాడతను.

"మీకు సర్కారు గుర్తింపు ఉన్నదా?"

"గుర్తింపు కన్నా అనుభవం గొప్పది కదా మేడమ్!"

ఆమె పకపకా నవ్వింది. "అనుభవం నాకు ఉండనే ఉన్నది సారూ. నాకు పరీక్షనే కావాలె. చిన్నప్పుడే బడి మాన్పించిండ్రు. అందరి నడుమ కూసోని రాయాలని ఎన్నేండ్ల ఆశనో!"

ఫోన్ పెట్టేసి, ఓపెన్ టెన్త్‌లో చేరడానికే పోతున్నానని చెప్పింది.

"ఒకవేళ తప్పితే?" అన్నాను.

"తప్పనీ అక్కా. తప్పినా నేనే తప్పుత!"

పేరైనా అడగలేదు. టెన్త్ ఫలితాలు వచ్చిన ప్రతిసారీ, ఆమె పాసయిందనే అనుకుంటాను.