సూది పడిన కాలు

నా బిడ్డకు మూడో ఏడు నడుస్తాండగా జరమొచ్చింది. అరవైల మొదట్లో మాట అది. మాది శింగనమల దగ్గర పల్లె. వానల్లేని ఏడు. రెండు దినాలు కషాయం తాపినా తగ్గలేదని, బిడ్డను చంకనేసుకోని బస్సెక్కి అనంతపురం ఆసుపత్రికి పోయినాను.

డాక్టరు బిడ్డ గొంతు చూసి మాత్రలు రాసినాడు.

"సూది ఎయ్యరా సామీ?" అన్నాను.

"అక్కర్లేదమ్మా. ఈ జరంలో సూది పొడిస్తే మంచిది కాదు. మాత్ర నూరి బెల్లం నీళ్లలో తాపు."

నాకు కడుపు మండింది. మాత్ర ఎప్పుడు కరిగేను, సూదైతే మందు నేరుగా నెత్తుట్లోకి పోతాదని ఊరంతా నమ్మే కాలం. కూలోళ్లకు మాత్రలు, ఉన్నోళ్లకు సూదులు అనుకున్నాను.

పక్కూర్లో ఒకాయన ఉండేవాడు. ఒకప్పుడు యాడనో కాంపౌండరు. గాజు సిరంజి గిన్నెలో ఉడకబెట్టి, అందరికీ అదే సూది పొడిచేవాడు. మొద్దుబారితే రాతికి సానబట్టేవాడు. బస్సు దిగి నేరుగా ఆయన దగ్గరికే పోయినాను.

"ఇంత జరానికి మాత్రలేం చేస్తాయమ్మా! బిడ్డను గట్టిగా పట్టుకో," అన్నాడు.

బిడ్డ "వద్దమ్మా, వద్దమ్మా" అని గింజుకుంది. ఒళ్లో బోర్లా పడుకోబెట్టి, రెండు చేతులా అదిమి పట్టుకున్నాను.

తెల్లారికి జరం దిగింది. బావికాడ అందరికీ చెప్పుకున్నాను, ఆ టౌను డాక్టరుకు ఏమీ తెలీదని.

మూడో దినం పొద్దున మొగం కడుగుదామని బిడ్డను కిందికి దించితే, నిలబడబోయి కూలిపోయింది. కుడికాలు తడిగుడ్డ మాదిరి వేలాడింది.

మళ్లీ ఆసుపత్రికి ఎత్తుకోని పోయినాను. డాక్టరు అరికాలు గీకినాడు. కదల్లేదు. కుడి పిర్ర మీద సూది గాయం చూసినాడు.

"ఇది పోలియో. ఒంట్లో ఆ రోగం ఉండేటప్పుడు సూది పొడిస్తే, పొడిచిన కాలికే దిగుతాదమ్మా," అన్నాడు. అరవలేదు. అరిచింటే బాగుండు.

కాంపౌండరును పోయి నిలదీసినాను. "నీ బిడ్డ రాతకు నన్నంటావేమి?" అన్నాడు, ఇంకొకరి సూదికి నీళ్లు కాగబెడతానే. వరసలో కూర్చున్నోళ్లు ఒక్కరూ లేసి పోలేదు. "నీకు అచ్చిరాలేదులే, మాకు అచ్చొచ్చింది," అనింది ఒకామె.

బిడ్డ పెద్దదైంది. మోకాటి మీద చెయ్యి అదిమి పట్టి నడుస్తాది. చుట్టాలొస్తే ఇప్పటికీ అంటారు: "ఆ పొద్దే ఒక మంచి సూది ఏయించింటే కాలు నిలిచేది గదా!"

నా బిడ్డ నా పక్క చూస్తాది. నేను తలొంచుకోని బియ్యంలో రాళ్లు ఏరుకుంటాను. దానికి నిజం ఇంతవరకూ చెప్పలేదు.