కూర్మమ్మ తాంబూలం

మా అమ్మమ్మ కూర్మమ్మ రెండు ప్రభుత్వాలతో బేరమాడింది. నవ్వకండి. మా ఇంట్లో ఆ మాట ఎవరైనా నవ్వుతూ అంటే మా అమ్మ అన్నం ముందునుంచి లేపేసేది. నాకూ ఆ కోపమే వచ్చింది, అందుకే ముందుగా చెబుతున్నాను.

విశాఖపట్నం జిల్లానుంచి మొగుడు తాతబాబుతో కలిసి ఓడెక్కి, ఆవిడ సముద్రం దాటి, కౌలాలంపూరు వైపున్న బంటింగ్ దగ్గర ఒక రబ్బరు తోటలోకి వచ్చింది. కొన్నేళ్ళకే ఆయన మలేరియాతో పోయాడు. పసిపిల్లను చెట్టుకొమ్మకు కట్టిన ఉయ్యాలలో పడుకోబెట్టి కలుపు తీసింది అమ్మమ్మ. కూలీల ఇళ్ళ వరసను మేము లైను అంటాం. మా లైను వెనక ఆవిడ తమలపాకు తీగ పెంచింది. ఎవరింట్లో పెళ్ళిమాటయినా, మేక బేరమైనా, తగువు తీర్పయినా ఆ తీగ ఆకే కావాలి. ఆకూ వక్కా చేతికిచ్చాక అవతలి మనిషి నోట్లో వేసుకున్నాడంటే మా వాళ్ళలో మాట అయిపోయినట్టే. ఆ తర్వాత వెనక్కి తగ్గినవాడితో లైనులో ఎవరూ మాట్లాడేవారు కాదు.

ఆ ఉయ్యాలలోని పిల్ల కన్నమ్మ, మా అమ్మ. పెద్దయ్యాక మా లైనులోనే ఉండే పైడిరాజును చేసుకుంటానంది. కులాలు వేరు. అమ్మమ్మ ఒక రోజంతా తిండి మాని అలిగి, మర్నాడు తానే ఆకు ఇచ్చి పెళ్ళి చేసింది. ఇండియాలో, ఊళ్ళో ఉన్న అమ్మమ్మ తమ్ముడికి మాత్రం ఒళ్ళు మండింది. ఆ జంట ఊరి పొలిమేర తొక్కితే పైడిరాజు కాళ్ళు విరగ్గొడతానని, ఇటు వచ్చేవాళ్ళ చేత కబురు చేశాడు. అన్నంత పనీ చేసే మనిషే అతను.

1930లో రబ్బరు ధర పడిపోయింది. పనిలేని కూలీలను సర్కారు ఖర్చుతోనే ఇండియాకు పంపేస్తామన్నారు. ఉత్తచేతులతో తెచ్చి మా రేవులో దింపితే ఎలా అని అక్కడి ప్రభుత్వం అంది. మేం కూర్చోబెట్టి మేపలేం అని ఇక్కడి ప్రభుత్వం అంది. పెద్దమనుషులు ఉత్తరాలు రాసుకున్నారు, సమావేశాలు పెట్టుకున్నారు. నువ్వు వెళతావా, ఉంటావా అని మా లైనులో ఒక్కరినీ అడిగిన పాపాన పోలేదు. కొందరు సంతోషంగానే వెళ్ళారు, వాళ్ళకు వెళ్ళడానికి ఇళ్ళున్నాయి. మా అమ్మకు లేదు. అప్పటికి నేను ఆవిడ కడుపులో ఉన్నాను.

ఆ రోజుల్లో నరసింగరావు గారు మా తోటకు వచ్చాడు. కౌలాలంపూరులో ఇండియా ప్రభుత్వం తరఫున కూలీల బాగోగులు చూసే కచేరీలో చిన్న ఉద్యోగి, తెలుగాయన. అమ్మమ్మ ఆయనకు ఎదురువెళ్ళి నిలబడింది.

"మమ్మల్ని ఓడెక్కించకండి బావూ. తోట పక్కన ఆ సిత్తడి నేల ఉత్తినే పడుంది. అది మాకిప్పించండి. కర్రపెండలం ఏసుకుంతాం. మీ బియ్యం మాకొద్దు. రబ్బరు లేచినాక మల్లీ మీ సెట్లే గీత్తాం."

"చూద్దాం అమ్మా. తోట దొరతో మాట్లాడతాను," అన్నాడాయన.

చూద్దాం అనడానికి ఏమీ ఖర్చు కాదు కదా. అమ్మమ్మ లోపలికెళ్ళి ఇత్తడి పళ్ళెంలో ఆకులూ వక్కా సున్నమూ పెట్టుకొచ్చింది. పాపం ఆయన ఎండనపడి వచ్చాడు, నోరు పిడచకట్టుకుపోయి ఉంది. ఆకు తీసుకుని, సున్నం రాసుకుని, నోట్లో వేసుకున్నాడు. లైను లైనంతా చూసింది. ఆయన బండెక్కి వెళ్ళిపోయాడు.

మర్నాడే మావాళ్ళు పారలు పట్టుకుని చిత్తడిలో దిగారు. నడుములోతు బురద, ఒంటినిండా జలగలు. మా నాన్న పైడిరాజు నీళ్ళు పోవడానికి కాలువ తవ్వితే వానకు పూడిపోయేది, మళ్ళీ తవ్వేవాడు. తోట గుమాస్తా వచ్చి ఎవరిచ్చారు మీకు ఈ నేల అని అడిగాడు. "మాటైపోనాది," అని చెప్పి అమ్మమ్మ తన పని చూసుకుంది. పిచ్చిదనుకుని వెళ్ళిపోయాడతను. కర్రపెండలం మోకాలెత్తు పెరిగింది.

అప్పుడు లారీ వచ్చింది. రేవులో ఓడ సిద్ధంగా ఉంది, ఎక్కండి అన్నారు. ఒక్కరూ కదలలేదు. నరసింగరావు గారు తాంబూలం పుచ్చుకున్నారని మాత్రం అందరూ చెప్పారు. దొర మండిపడి ఆయన్ని పిలిపించాడు. వీళ్ళకు నా నేల ఇస్తానన్నావా అని అందరి ముందూ అడిగాడు. నరసింగరావు గారి ముఖం పాలిపోయింది. అమ్మమ్మ దగ్గరికి వచ్చి గొంతు తగ్గించాడు.

"నేను మర్యాదకు వేసుకున్నానమ్మా."

"మరేదకి మాకాడ మంచినీల్లిత్తాం బావూ. ఆకిత్తే ఒప్పందం. మీరూ తెలుగోరే కదా. మీకు తెల్దా?"

ఆయన తల వంచుకున్నాడు.

"తెలుసమ్మా. లేదని నీ మొహం మీద చెప్పలేక వేసుకున్నాను."

ఆ ఒక్క మాటకు నేను ఆయన్ని క్షమించాను. మా అమ్మ క్షమించలేదు.

ఆ తర్వాత ఆయన దొర వైపు తిరిగి, అవును, నేనే మాటిచ్చాను అన్నాడు. చొక్కా తడిసిపోయేదాకా వాదించాడు. ఉద్యోగం పోయినా పోవచ్చని తెలిసే వాదించాడని మా నాన్న అనేవాడు. ఆఖరికి దొర కొంత దిగాడు. పనిచేయగల మగవాడున్న కుటుంబాలు ఆ నేలలో ఉండవచ్చు. మొగుడు లేని ఆడవాళ్ళు మాత్రం ఓడెక్కాలి. కూర్మమ్మ మా కుటుంబమే అని మా నాన్న మొత్తుకున్నాడు. కుటుంబమంటే పెళ్ళాం పిల్లలే, అత్తగారు కాదన్నాడు దొర. ఆయనెవరు మాకు చుట్టరికాలు నేర్పడానికి?

నరసింగరావు గారు మళ్ళీ నోరు తెరవబోతే అమ్మమ్మ ఆపింది.

"సాలు బావూ. ఇంకా లాగితే ఉన్నదీ తెగిపోద్ది. ముందు ఆ దొరని ఆకేసుకోమనండి."

పళ్ళెం తెచ్చి ఆవిడే ఆకు మడిచి ఇచ్చింది. దొర దాన్ని అటూ ఇటూ తిప్పి చూసి, నోట్లో పెట్టుకుని, దగ్గి, కళ్ళనీళ్ళు పెట్టుకున్నాడు. లైనులో కొందరికి నవ్వాగలేదు. అమ్మమ్మ నవ్వలేదు. ఆయన నమలడం అయ్యేదాకా ఎదురుగా నిలబడి చూసి, అప్పుడు వెళ్ళి తన చీరలు మూట కట్టుకుంది.

లారీ కదిలే ముందు మా అమ్మ నిండు కడుపుతో ఆ పళ్ళెమే పట్టుకుని పరుగెత్తుకొచ్చింది.

"రబ్బరు లేచినాక తిరిగొచ్చేత్తానని ఈ ఆకు పుచ్చుకోయే అమ్మా."

అమ్మమ్మ చెయ్యి చాచింది. ఆకు దాకా వచ్చిన చెయ్యి అక్కడే ఆగిపోయింది. దాన్ని తీసి అమ్మ తలమీద పెట్టింది.

"నానింక రానేనే గుంటా. ఆకెలగ పుచ్చుకుంతాను?"

ఆ నేల మాకు దక్కింది. నేను అక్కడే పుట్టాను. అమ్మమ్మ మళ్ళీ రాలేదు, ఊరు చేరిందో లేదో కూడా మాకు తెలియలేదు. ఉత్తుత్తినే అయినా ఆ ఆకు పుచ్చుకుని వెళ్ళకపోయిందే అని మా అమ్మ పోయేదాకా ఏడ్చింది. నేనైతే పుచ్చుకునేదాన్ని. నమిలి, వచ్చేస్తానని చెప్పి, లారీ ఎక్కేదాన్ని.