కత్తెర పడని పీత

గురువారం పొద్దున్న ఆహ్వానపత్రాల కట్ట కనకమహాలక్ష్మి బల్ల మీదికి వచ్చింది. మూడొందల కార్డులు, ఒక్కోటీ మధ్యకి మడవాలి. మొదటిది మడిచి, అంచు నొక్కబోతూ చదివింది. లేచింది. కూర్చుంది. మళ్లీ లేచి, కార్డు పట్టుకుని ముందుగదిలోకి వెళ్లింది.

కార్డు మీద కాగితపు పీత ఫొటో. దాని కింద "శ్రీమతి కనకమహాలక్ష్మి స్వయంగా సృష్టించిన కాగితపు బొమ్మల ప్రదర్శన" అని ఉంది.

"ఇదేటి బాబుగారూ, సృష్టించిన అని ఏసేరు? నేనేటి సృష్టించేను? మడతెట్టేను, అంతే."

మా ప్రెస్ యజమాని గంగాధరం గారు కంప్యూటరు మీంచి తల ఎత్తలేదు. "రెండూ ఒకటే కదమ్మా."

"ఒకటెలాగవుతాదండి? ఒక్కో బొమ్మా ఒక్కొక్కలు బుర్ర బద్దలుకొట్టుకుని కనిపెట్టేరు. నేను ఫోన్లో సూసి మడతెట్టేను."

"అయితే ఆళ్లేటి, అనకాపల్లి రైలెక్కి వత్తారా అడగడానికి?"

"మరి పెళ్లికార్డు అడుగున మన ప్రెస్ పేరెందుకేత్తన్నారు? పెళ్లి మనదా? మొన్న మాఘమాసంలో పక్క బజారు ప్రెస్సోడు మన ఏనుగుల డిజైను ఎత్తీసి తన పేరు ఏసుకుంటే, మీరు రెండ్రోజులు అన్నం తిన్నారా?"

కటింగ్ మిషను ఆపి నేనూ వింటున్నాను. గంగాధరం గారు కళ్లజోడు తీసి తుడుచుకున్నారు.

"తిన్నాను గానీ ఒంటబట్టలేదు" అన్నారు.

"సృష్టించిన" అన్నచోట "మడిచిన" అని చీటీ అతికించడానికి ఒప్పుకున్నారు. మూడొందల చీటీలు అతికించే పని ఎవరిదో చెప్పక్కర్లేదు.

కనకమహాలక్ష్మి పుట్టిల్లు సముద్రం ఒడ్డున రాజయ్యపేట. పెళ్లయి అనకాపల్లి వచ్చింది. పద్దెనిమిదేళ్లుగా మా ప్రెస్ బైండింగులో ఉంది. అచ్చయిన పెద్ద కాగితాలని పుస్తకం ఫారాలుగా మడవడం, కుట్టడం, జిగురు రాయడం ఆమె పని. కాగితాన్ని బొటనవేలితో ఒకసారి రుద్ది, ఎటు మడిస్తే పగలదో చెప్పేస్తుంది. కరోనాకి ప్రెస్సు మూసిన రోజుల్లో చేతులు ఊరుకోక, ఫోన్లో వీడియో చూసి కప్పని మడిచింది. కప్ప తర్వాత కొంగ, కొంగ తర్వాత గుర్రం. ఇప్పటికి ముప్పై ఎనిమిది బొమ్మలయ్యాయి. ప్రెస్సు పెట్టి పాతికేళ్లయిందని గంగాధరం గారు ఆదివారానికి గ్రంథాలయం పైగది అడిగి తీసుకున్నారు.

ప్రతి బొమ్మ ముందూ రెండు వరుసల చీటీ ఉండాలని కనకమహాలక్ష్మి గది దొరికిన నాడే పట్టుబట్టింది. పైన రూపకల్పన చేసినవాళ్ల పేరు, కింద మడిచినవాళ్ల పేరు. గంగాధరం గారి అమ్మాయి సాయిశ్రీ డిగ్రీ చదువుతోంది. ఆ పిల్ల కూర్చుని ముప్పై ఏడు బొమ్మల పేర్లు వెతికిపెట్టింది, అనుమతి అడగాల్సిన వాళ్లకి ఉత్తరాలు పంపింది. మిగిలింది పీత.

ఆరు రోజులు మడిచిన పీత అది. చూసిన వీడియోలో ఎవరి పేరూ లేదు. రెండుచోట్ల కత్తెరతో గాటు పెట్టమని అందులో చూపించారు. పెట్టింది గానీ, అప్పట్నించీ ఆ రెండు గాట్లూ ఆమెకి పంటికింద రాయిలా ఉన్నాయి. పైగా డెక్కలతో కలిపినా కాళ్లు ఎనిమిదే. రాజయ్యపేటలో చేపలమ్మే వాళ్ల పిన్ని అప్పలకొండమ్మ ఫోన్లో ఫొటో చూసి, "ఈదే కాళ్లు లేవేటే దీనికి? సముద్రంలో ఏత్తే ములిగిపోద్ది" అని నవ్విందట.

సాయిశ్రీ గురువారం సాయంత్రానికి ఆ పీత ఆనవాలు పట్టుకుంది. చిలీ దేశంలో మతేయో అనే ఆయనది. ఫొటో జతచేసి ఈమెయిల్లో ఉత్తరం రాసింది. శుక్రవారం కనకమహాలక్ష్మి టీ రెండుసార్లు చల్లారబెట్టుకుంది. "వచ్చిందేటమ్మా?" అని ముందుగదిలోకి ఎన్నిసార్లు తొంగిచూసిందో లెక్కలేదు. పన్నెండింటికి జవాబొచ్చింది. సాయిశ్రీ తెలుగులో చెప్పింది.

"ప్రదర్శనలో పెట్టుకోవడానికి సంతోషంగా ఒప్పుకుంటున్నాను. కానీ మీ ఫొటోలో ఉన్నది నా పీత కాదు. ఎవరో సులువు కోసం కత్తెర వాడి, వెనకకాళ్లు వదిలేశారు. నా పీతకి కాళ్లు పది, కోత ఒక్కటీ లేదు. నా పేరు పెట్టేట్టయితే దయచేసి అలాగే మడవండి." ఉత్తరంతోపాటు మడతల పటం పంపాడు. పైకి మడిచే గీతలు ఎర్రవి, కిందికి మడిచేవి నీలివి.

ఆమె పటాన్ని ఈ చివర్నించి ఆ చివరిదాకా చూసింది. తర్వాత నాతో అంది: "ఇన్నాళ్లూ ఈయన్ని తిట్టుకున్నాను కన్నబాబూ. సముద్రం మొహం సూడనోడు పీతని సేసేడనుకున్నాను."

"పేరు లేకుండా పెట్టీమ్మా. కార్డు మీదున్నది అదే కదా, జనం దానికోసమే వత్తారు" అన్నారు గంగాధరం గారు.

"తెలిసేక కూడా ఎలా పెడతానండి?"

పల్చటి బ్రౌన్ పేపరు పరిచి, ఇరవై ఎనిమిది అంగుళాల చదరం కోసిచ్చాను. మూలకి మూల కలిపి చూసి తిరిగిచ్చేసింది. దారప్పోగంత తేడా ఉందట. నిజమే, ఉంది. మళ్లీ కోశాను.

అటు ముప్పై రెండు గళ్లు, ఇటు ముప్పై రెండు గళ్లు మడిచి విప్పేసరికి శుక్రవారం అయిపోయింది. శనివారం మధ్యాహ్నం గళ్లన్నీ ఒకేసారి లోపలికి ముడుచుకోవాలి. ముడుచుకోలేదు. ఒకవైపు నొక్కితే ఇంకోవైపు గొడుగులా లేచింది. ఆమె పటం చూస్తుంది, లేచి కిటికీదాకా నడుస్తుంది, వచ్చి మళ్లీ పటం చూస్తుంది. హఠాత్తుగా గూట్లోంచి పాత పీతని తీసి విప్పడం మొదలెట్టింది.

గంగాధరం గారు పరుగెత్తుకొచ్చారు. "అయ్యయ్యో! ఉన్నదీ పోయింది, రావాల్సిందీ రాలేదు!"

ఆమె వినిపించుకోలేదు. విప్పిన కాగితాన్ని చదునుగా పరిచి, గాట్లు పడ్డచోట వేలు పెట్టింది. "ఇదిగో సూడు కన్నబాబూ. ఎనకకాళ్లకి కావల్సిన కాగితం ఇక్కడే దాసేడాయన. ఆ వీడియోవోడు దీన్ని కోసీసేడు. కొయ్యకపోతే కాళ్లొచ్చీవి."

ఆదివారం పదింటికి పైగదిలో ముప్పై ఏడు బొమ్మలు చీటీలతో సిద్ధంగా ఉన్నాయి. నడిమి బల్ల మీద బొమ్మ లేదు, చీటీ మాత్రం ఉంది. "రూపకల్పన: మతేయో, చిలీ. మడత: కనకమహాలక్ష్మి. ఇంకా పూర్తికాలేదు." బల్ల వెనక ఆమె కూర్చుంది. ముందు సగం ముడుచుకున్న కాగితం, చేతిలో అంచులు నొక్కే వెదురుబద్ద.

"కార్డు మీద పీతేదండి?" అని మొదట వచ్చినాయన అడిగాడు.

గంగాధరం గారు గొంతు సవరించుకున్నారు. "అదిగోనండి, పుడుతోంది. ఉండి సూడండి."

జనం ఉండిపోయారు. గుర్రాన్నీ కొంగనీ ఒక చుట్టు చూసొచ్చి నడిమి బల్ల దగ్గరే నిలబడ్డారు. మధ్యాహ్నానికి పట్టుకునే డెక్కలు రెండూ వచ్చాయి. నాలుగింటికి నడిచే కాళ్లు ఆరూ బయటపడ్డాయి. ఆమె అన్నానికి లేవలేదు. నుదుటి చెమట కాగితం మీద పడకుండా మాటిమాటికీ పమిటతో తుడుచుకుంటోంది. అప్పుడే అప్పలకొండమ్మ ఖాళీ గంపతో మెట్లెక్కి వచ్చింది. వంగి, వేలు పెట్టి లెక్కపెట్టింది.

"మళ్లీ ఎనిమిదేనా? ఈదే కాళ్లేవే?"

"ఉండు పిన్నీ. కాగితం ఉంది, రావాలి."

"మా ఊరెల్లే నక్కపల్లి బస్సు ఎల్లిపోద్దే!"

"ఎల్లనీ."

అయిదున్నరకి తొమ్మిదో కాలొచ్చింది, తెడ్డులా వెడల్పుగా. వాచ్‌మన్ తాళాలు పట్టుకుని గుమ్మంలో నిలబడ్డాడు. గంగాధరం గారు అతని దగ్గరికెళ్లి, "ఆగు బాబూ, ఇంకొక్క కాలుంది" అన్నారు. అతనూ తాళాలు జేబులో వేసుకుని లోపలికొచ్చాడు. ఆరు దాటాక పదో కాలు మడత విప్పుకుంది. గదిలో అందరూ చప్పట్లు కొట్టారు. అప్పలకొండమ్మ గంప కింద పెట్టి, "ఇదిగో, ఇప్పుడిది ఈదుద్ది!" అంది.

కనకమహాలక్ష్మి తల ఎత్తలేదు. పీతని కళ్లకి దగ్గరగా పెట్టుకుని రెండు తెడ్డుకాళ్లనీ పక్కపక్కన చూసింది. ఎడమది బియ్యపుగింజంత పొట్టిగా ఉంది. వెదురుబద్ద తీసుకుని ఆ కాలిని మళ్లీ విప్పడం మొదలెట్టింది.