మూడు ప్లేయర్లలో ఒకే క్యాసెట్

దయ్యాలను నమ్మనంటూ మొదలుపెట్టి చివరికి దయ్యం కథే చెప్పేవాళ్లంటే నాకు ఒళ్లుమంట. నేనిప్పటికీ నమ్మను. జరిగింది రాస్తున్నాను, తప్పుంటే పట్టుకోండి.

మాది నరసరావుపేట. ఇంట్లో ఉన్న పాత క్యాసెట్లన్నీ రేడియోలు బాగుచేసే మస్తాన్ భాయ్ ఫైళ్లుగా మార్చి ఇచ్చాడు. ఇక నాకు పండగే. కంప్యూటర్‌లో మూడు మ్యూజిక్ ప్లేయర్లు వేసి పోటీ పెట్టాను. ఒకటి బొమ్మలతో ముస్తాబుగా ఉంటుంది గానీ, అది తెరుచుకునేలోపు టీ కాచుకోవచ్చు. ఒకటి రేషన్ జాబితాలా ఉన్నా, అడిగిన పాట చటుక్కున తీస్తుంది. ఇంకొకటి పాటకీ పాటకీ మధ్య ఖాళీ రానివ్వదు. గొంతులోని సన్నటి జీర కూడా వినిపించేది ఏదో తేల్చాలి. నా అవసరం అలాంటిది.

అమ్మ పాడిన మంగళహారతి ఒక్క క్యాసెట్‌లోనే ఉండేది. దాని మీద ఎవరూ రికార్డు చేయకుండా క్యాసెట్ పైఅంచున ఉండే చిన్న ప్లాస్టిక్ పలకను నాన్న విరిచేశాడు. అమ్మ పోయిన మరుసటి ఏడు, కాలేజీ వక్తృత్వ పోటీకి సాధన చేయడానికి, ఆ కన్నంలో కాగితం కుక్కి నా ఉపన్యాసం రికార్డు చేశాను. పాట రెండో వైపు ఉందనుకున్నాను. లేదు. ఈ సంగతి తమ్ముడికి కూడా చెప్పలేదు. అడుగున ఎక్కడైనా అమ్మ గొంతు మిగిలిందేమోనన్నదే నా ఆశ.

"అన్నిట్లో వచ్చేది అదేగా, ఏంది నీ గోల?" అన్నాడు మా ఆయన.

"గోడవైపు తిరిగి కూర్చుంటా. నువ్వు మార్చి మార్చి పెట్టు, ఏది ఏదో చెప్తా."

"చెప్పలేకపోతే?"

"వారం నోరెత్తను."

ఆయన వెంటనే కుర్చీ లాక్కున్నాడు.

ఆదివారం, పదకొండు గంటల వేళ. పదిహేడేళ్ల నా గొంతు స్పీకర్లలో అరుస్తోంది. ఒకచోట మాట మరిచి ఆగుతాను. నాలుగైదు సెకన్లు నిశ్శబ్దం. తర్వాత "అందుచేత అధ్యక్షా" అని అందుకుంటాను. రెండు సార్లు అలాగే వచ్చింది.

మూడోసారి ఆ ఖాళీలో, ఎవరో పక్కనే కూర్చుని చెప్పినంత స్పష్టంగా, "అందుచేత అధ్యక్షా అనవే" అని వినిపించింది. వెంటనే నా గొంతు ఆ మాటే అందుకుంది.

నేను తిరిగేలోపే మా ఆయన అడిగాడు. "మధ్యలో ఆ ఆడమనిషి ఎవరే?"

ఆయన మా అమ్మ గొంతు ఎన్నడూ వినలేదు.

మళ్లీ మూడు ప్లేయర్లలోనూ పెట్టాం. నిశ్శబ్దమే. ఫైలు నిడివి సెకను కూడా మారలేదు. క్యాసెట్ పట్టుకుని మస్తాన్ భాయ్ దగ్గరికి పరుగెత్తాను. అందులోనూ ఏమీ లేదు.

"చెరిపినా అడుగున కొంచెం మిగులుద్దక్కా," అన్నాడు.

మిగిలితే పాట మిగలాలి. అమ్మ పోయేనాటికి నేనా ఉపన్యాసం రాయనే లేదు. మరి ఆ మాట ఆమెకెలా తెలిసింది? భయం మాత్రం వేయలేదు. పోటీలో కప్పు గెలిచినంత ఆనందంగా ఉంది.

ఆ సాయంత్రమే తమ్ముడికి ఫోన్ చేసి, పాట చెరిపింది నేనేనని చెప్పి, ఇదంతా చెప్పాను.

"గొంతు ఎట్టా ఉందక్కా?" అన్నాడు.

"ఎప్పట్లాగే విసుక్కుంటున్నట్టే ఉందిరా," అన్నాను.