పన్నెండు మానికల ఉప్పు

ముప్పై ఏళ్లకు పైగా ఒక మాట నా గుండె మీద బరువుగా ఉంది. పెద్ద మాటేమీ కాదు. “ఒకటే” అన్న మాట. అన్నది నేను. విన్నది ఒక తల్లి. ఆమె నా మాట నమ్మింది. నమ్మకపోయి ఉంటే ఈ కాగితం ఇవాళ నా ముందు ఉండేది కాదు.

మీరెవరో నాకు తెలియదు. తెలియకపోవడమే మంచిది. తెలిసినవాళ్ల ముందు నేను ఇప్పటికీ గురూజీనే. దారిలో కనిపిస్తే చెప్పులు విడిచి నమస్కారం పెట్టేవాళ్లు ఇంకా ఉన్నారు. ఆ నమస్కారం అందుకున్న ప్రతిసారీ నాకు ఆ తల్లి, ముత్తి గుర్తొస్తుంది. అయినా నమస్కారం అందుకోవడం మాత్రం మానలేదు.

బస్తర్ ఇంకా రాజ్యంగా ఉన్న రోజులు. శబరి ఏటి ఒడ్డున, వారానికోసారి అంగడి జరిగే ఒక ఊళ్లో రాజ్యం నడిపే చిన్న బడి. నాలుగు తరగతులు, ఇద్దరం మాస్టర్లం. లెక్కలు నావి. ఒక ఏడాది పైనుంచి కొత్త ఏర్పాటు వచ్చింది. లెక్కల్లో చురుకైన పిల్లలను వేరుగా కూర్చోబెట్టి, రెండేళ్ల పాఠం ఏడాదిలో చెప్పాలి. భిన్నాలు, నిష్పత్తులు, కొలతలు. దాన్ని ఊరు పై లెక్కల తరగతి అంది. పుస్తకాలు ఎనిమిది వచ్చాయి కాబట్టి పిల్లలు ఎనిమిది మందే అని నేను నిర్ణయించాను. ఎనిమిదే అని కాగితంలో ఎక్కడా లేదు. చాలా ఏళ్లు ఆ ఎనిమిదిని పైవాళ్ల మీదికి నెట్టాను. మీకు నిజం చెబుతున్నాను, తొమ్మిదో పిల్లను కూర్చోబెడితే నన్ను అడిగేవాళ్లు ఎవరూ లేరు.

తల్లిదండ్రులు వరసగా వచ్చారు. దుకాణాల వాళ్లు, సర్కారు కచేరీలో పనిచేసేవాళ్లు, అడవి శాఖ గుమాస్తా. ఎనిమిది మందేనా, మా పిల్లవాడు ఏం తక్కువ, మిగతా పిల్లలు మొద్దులా అని నిలదీశారు. వాళ్ల ఆందోళన న్యాయమైనదే. ఒక గోడకు ఇటువైపు పిల్లలు, అటువైపు పిల్లలు అని విడదీస్తే ఏ తల్లికైనా, తండ్రికైనా కడుపు మండదా? అందరికీ ఒకే జవాబు చెప్పాను. పరీక్ష పెడతాను, నోటి లెక్కలు, అందరి ముందూ అడుగుతాను, ఇందులో నా ఇష్టం ఏమీ లేదు అన్నాను. ఆ చివరి మాట చెప్పేటప్పుడు కొంచెం గొంతు పెంచాను కూడా.

మా అబ్బాయి అదే బడిలో చదివేవాడు. మంచివాడు, నెమ్మదస్తుడు. లెక్కలంటే వాడికి ప్రాణమేమీ కాదు. లెక్కల మాస్టర్ కొడుకు పై లెక్కల్లో లేకపోతే ఊరు ఏమంటుంది? ఆ ప్రశ్న నన్ను తినేసింది. వాడిని తినలేదు. వాడు హాయిగా గోళీలు ఆడుకునేవాడు.

ఏరు పక్క దొర్ల తెగవాళ్ల గూడెం నుంచి కన్ని అనే పిల్ల వచ్చేది. ముత్తి కూతురు. తండ్రి లేడు. పదేళ్లుంటాయి. పలక మీద అక్షరాలు వంకరగా రాసేది గానీ, అంకె చెబితే మనసులో ఆడించేది. హిందీ పుస్తకంలోని లెక్కను నేను తెలుగులో చెప్పడం పూర్తయ్యే లోపే జవాబు చెప్పేది. నాకు ముచ్చటగా ఉండేది. ఇది కూడా నిజమే, రాసుకోనివ్వండి.

పరీక్ష రోజు వచ్చింది. ఏడుగురు ఖాయమయ్యారు. ఎనిమిదో చోటుకు మిగిలింది ఇద్దరు, కన్ని, మా అబ్బాయి. ఇద్దరికీ సరి సమానంగా జవాబులు వచ్చాయి. ఒక్క లెక్క మిగిలింది. పుస్తకం తెరిచి చదివాను. ఒక మనిషి అంగడిలో పన్నెండు మానికల సారపప్పు ఇచ్చి, మానికకు మానిక చొప్పున ఉప్పు తెచ్చుకున్నాడు. ఇంట్లో మూడు మానికలు వాడాడు. ఇంకా ఎంత ఉంది?

మా అబ్బాయి తొమ్మిది అన్నాడు. కన్ని ఏడు అంది.

పిల్లలు నవ్వారు. నేను నవ్వలేదు. ఎలా వచ్చింది అని అడిగాను. ఆ పిల్ల తడుముకోకుండా చెప్పింది. “దుకాణంల పన్నెండు. మా ఇంటికాడ కొలిస్తే పదే. మూడు తిన్నం. ఏడు.”

ఇక్కడ మీకు ఒక సంగతి చెప్పాలి. మా అంగడిలో సారపప్పు కొనేటప్పుడు షావుకారు మానికను కుప్పగా పోయించుకునేవాడు, ఇక నిలవదు అన్నంత దాకా. ఉప్పు ఇచ్చేటప్పుడు అదే మానికను అంచుదాకా నింపి, అరచేత్తో గీసేసేవాడు. అందరూ చూస్తుండగానే. ఎప్పటినుంచో అలాగే జరుగుతోంది కాబట్టి అది ఆచారం అయిపోయింది. అడవిలో ఎండలో తిరిగి కాయలు ఏరి, ఎండబెట్టి, పగలగొట్టి పప్పు తీసిన ఆడవాళ్లు ఆ గీసిన ఉప్పు మూట కట్టుకుని వెళ్లేవాళ్లు. ముత్తి మాత్రం ఇంటికి వెళ్లాక మళ్లీ కొలిచేది, కుప్పగా, తాను పప్పు ఇచ్చినట్టే. పక్కన కన్ని కూర్చుని లెక్క పెట్టేది.

ఆ పిల్ల చెప్పింది పై లెక్కల తరగతిలో నేను నేర్పబోయే నిష్పత్తే. నేర్పకముందే దానికి వచ్చు. ఆ క్షణంలో నాకు అర్థమైంది. అర్థమైంది కాబట్టే భయం వేసింది. దాని జవాబు కూడా సరే అంటే ఇంకో లెక్క అడగాలి. ఇంకో లెక్క అడిగితే ఎవరు గెలుస్తారో నాకు తెలుసు. పుస్తకం చివర జవాబు చూపించి, తొమ్మిది అన్నాను. మా అబ్బాయి ఎనిమిదో చోటులో కూర్చున్నాడు.

ఇంతవరకే అయితే నన్ను నేను ఎలాగో క్షమించుకునేవాణ్ణేమో. పుస్తకంలో ఉన్నదే చెప్పాను కదా అని. మనిషికి సాకులు దొరకడం ఎంతసేపు?

మూడో రోజు ఉదయం ముత్తి బడికి వచ్చింది. అంగడి రోజు కాదు. కాయలు ఏరే కాలం, ఒక పూట పోతే ఆమెకు పస్తే. అయినా పని మానుకుని నడిచి వచ్చింది. వసారా కింద నిలబడింది. పైకి రమ్మన్నా రాలేదు.

“మా పిల్లను పై లెక్కల్ల ఎందుకు కూసోబెట్టలే గురూజీ?”

ఒక లెక్క తప్పింది అన్నాను. ఏం లెక్క అని అడిగింది. చెప్పాను.

“గది తప్పెట్లయితది? నేను, అది కలిసి కొలుస్తం. ఆరింటికి ఒకటి తక్కువస్తది. ఎప్పుడు కొలిసినా గంతే.”

“పుస్తకంలో తొమ్మిదే ఉంది ముత్తీ.”

వాదించడానికి రాలేదు ఆమె. తెలుసుకోవడానికి వచ్చింది. ఆ తేడా నాకు ఆమె మొహంలో కనిపించింది.

“కుప్పబోసిన మానిక, చేత్తోని గీసిన మానిక, రెండు ఒకటేనా గురూజీ?”

“ఒకటే,” అన్నాను. “మానిక అంటే మానికే.”

“నువ్వు సదువుకున్నోడివి. నువ్వు ఒకటే అంటే ఒకటే.”

వెటకారంగా అని ఉంటే బాగుండేది. అలా అనలేదు. కూతురు చెప్పింది తప్పు, తాను ఇన్నాళ్లు కొలిచింది తప్పు అని నిజంగానే ఒప్పుకుంది. తలవంచి దండం పెట్టి వెళ్లిపోయింది.

నాకు తెలియక అన్నానా? మా ఇంటికి అదే దుకాణం నుంచి ఉప్పు వచ్చేది. గురూజీ ఇల్లు కదా అని మాకు మాత్రం కుప్పగా పోసేవాడు. మా ఆవిడ మురిసిపోయేది. రెండు మానికలూ ఒకటి కావని ఆ ఊళ్లో నాకంటే బాగా తెలిసినవాడు షావుకారు ఒక్కడే.

ఆ తరువాతి అంగడిలో జరిగిన సంగతి నా చెవిన పడింది. గూడెం ఆడవాళ్లు ఎప్పుడూ కొంచెం గొణిగేవాళ్లు. కొందరు గీసే చేతిని పట్టుకుని ఆపేవాళ్లు. ముత్తి అందరికంటే ముందు పట్టుకునేది. ఆ రోజు, గురూజీ ఒకటే అన్నాడని చెప్పి, పట్టుకోలేదు. ఇంకొకామె పట్టుకోబోతే షావుకారు నవ్వుతూ, “మీ గురూజీనే రెండు ఒకటే అన్నడట కదా, ఇంకేంది?” అన్నాడట. ఆమె చెయ్యి తీసేసింది. నేను ఒక పిల్ల చోటు మాత్రమే లాక్కున్నాననుకున్నాను. ఒక గూడెం మొత్తానికి ఉన్న ఆ కాస్త అనుమానాన్ని కూడా లాక్కున్నాను. నా పేరు అడ్డం పెట్టి అడిగేవాళ్ల నోరు మూయించడానికి వీలు కల్పించాను.

వెళ్లి సరిదిద్దవచ్చు కదా? ఆ రోజే, ఆ దుకాణం ముందే? రేపు వెళ్దాం అనుకున్నాను. వానలు పడ్డాక వెళ్దాం అనుకున్నాను. వానలు పడ్డాయి, కన్ని బడి మానేసింది. ఇక ఎవరికి చెప్పాలి అనుకున్నాను. చూశారా, ఎంత సులువుగా దొరికిందో నాకు ఆ మాట.

మా అబ్బాయి పై లెక్కలు ఏడాది చదివాడు, ఇష్టం లేకుండానే. తరువాత జగదల్‌పూర్‌లో కుట్టుపని నేర్చుకున్నాడు. మంచి దర్జీ. సంతోషంగా ఉన్నాడు. వాడికి ఈ సంగతి తెలియదు. వాడికి అక్కరలేని చోటు కోసం నేను ఇదంతా చేశానని ఎలా చెప్పను?

చాలా ఏళ్ల తరువాత ఒకసారి అంగడిలో కన్నిని చూశాను. వీపున బిడ్డ. పప్పు కుప్పగా పోస్తోంది, ఉప్పు గీసినది తీసుకుంటోంది. గీసే చేతిని చూడడం లేదు, ఎటో చూస్తోంది. నన్ను గుర్తుపట్టి, బాగున్నవా గురూజీ అని అడిగింది. ముత్తి పోయిందని చెప్పింది. నేను మూడడుగుల దూరంలో ఉన్నాను. ఒక్క వాక్యం చెప్పడానికి అది చాలు. వానలు ఎలా ఉన్నాయి మీ వైపు అని అడిగి వచ్చేశాను.

రాజ్యం పోయింది. బడికి కొత్త కప్పు వేశారు. నేను ఉద్యోగ విరమణ చేశాను. కన్ని ఎక్కడ ఉందో కనుక్కోవడం కష్టమేమీ కాదు. ముసలితనం వల్ల వెళ్లడం లేదని చెబితే మీరు నమ్ముతారు, కానీ అది అబద్ధం. ఆమె నన్ను తిడుతుందని కాదు నా భయం. ఏ లెక్క గురూజీ, నాకు యాదికి లేదు అంటుందేమోనని. అది వినే ధైర్యం నాకు లేదు.

నన్ను మన్నించమని మిమ్మల్ని అడగను. మన్నించే అధికారం మీది కాదు. ఎవరితోనూ అనని ఆ ఒక్క వాక్యాన్ని ఇక్కడ రాస్తున్నాను.

కన్ని చెప్పిన ఏడు సరైన జవాబు. అది నాకు అప్పుడే తెలుసు.