తుపాకి పేలుతాదా అప్పా?

పుంగనూరులో ఒక బ్యాంకు గుమ్మం పక్కన ప్లాస్టిక్ కుర్చీ వేసుకొని, ఒళ్ళో జోడుగొట్టాల తుపాకి పెట్టుకొని చాలా ఏళ్ళు కూర్చున్నాను. అవసరానికి అది పేలుతుందో లేదో ఊళ్ళో ఎవరికీ తెలియదు. నాకూ తెలియదు. నాకు తెలియదన్న సంగతి మాత్రం నాకొక్కడికే తెలుసు, అదీ నా బాధ.

పెద్దపంజాణి నుంచి పాల బిల్లు తీసుకోవడానికి ఒక అవ్వ వచ్చేది. చెప్పులు గుమ్మం బయట విడిచి, నా కుర్చీ పక్కన చతికిలబడి, వక్కాకు నములుతూ ప్రతిసారీ అదే మాట అడిగేది.

"ఏమప్పా, ఇది నిజంగా పేలుతాదా? ఊరికే సూపించేదానికా?"

"పేలుతాదవ్వా."

"అట్లయితే సరి. నా దుడ్డంతా ఈడనే ఉండాది సూడు."

క్యూలో ఉన్నవాళ్ళు నవ్వేవాళ్ళు. నేనూ నవ్వేవాణ్ణి. లోపల మాత్రం సిగ్గుతో చచ్చేవాణ్ణి.

మిలిట్రీలో పనిచేసి వచ్చినవాణ్ణి నేను. అక్కడ నా గురికి పేరుండేది. గొప్పలు కాదు, నా పక్కన పడుకొని కాల్చినవాళ్ళనడిగినా అదే చెబుతారు. రిటైరై మదనపల్లెలో ఇల్లు పట్టుకున్నాక లైసెన్సు తీసి తుపాకి కొన్నాను. ఆ తుపాకి ఉందనే సెక్యూరిటీ ఏజెన్సీవాళ్ళు నన్ను పనిలోకి తీసుకొని బ్యాంకుకు పంపారు. తుపాకి నాది, తూటాలు వాళ్ళవి. చిక్కంతా అక్కడే ఉంది. ఎక్కడ చౌకగా దొరికితే అక్కడ కొనేవాళ్ళు. ఎర్ర ప్లాస్టిక్ గొట్టం, కింద ఇత్తడి టోపీ, ఆ ఇత్తడికి పచ్చగా చిలుము. నలుగురు వాడి పారేసిన సరుకులా ఉండేది వాటి వాలకం.

చౌక తూటా మూడు రకాలుగా ప్రవర్తిస్తుంది. ఒకటి ధన్‌మని పేలుతుంది. ఇంకోటి టక్కుమని ఊరుకుంటుంది. మూడోది ఉంది చూడండి, అది పెద్ద దొంగ. టక్కుమని ఊరుకుంటుంది, పేలదులే అనుకున్నాక పేలుతుంది. అందుకే టక్కుమన్నాక గొట్టం దించకూడదు. గురివైపే నిలబెట్టి, ఊపిరి బిగబట్టి, పొయ్యి మీది పాలను చూసినట్టు చూస్తూ నిలబడాలి. పొంగుతుందో లేదో దేవుడికే తెలియాలి.

"కొంచెం మంచి సరుకు తెప్పించండి సార్" అని ఏజెన్సీ సూపర్‌వైజర్‌ను బతిమాలాను.

"యాలప్పా, బ్యాంకులో యుద్ధం జేస్తావా? ఉండేది భయపెట్టేదానికి" అన్నాడు.

పోనీ, నా డబ్బుతో నేనే కొని బెల్టులో పెట్టుకుంటానన్నాను. కుదరదన్నాడు. డ్యూటీలో ఏజెన్సీ ఇచ్చినవే ఉండాలట, వాళ్ళ లెక్క తప్పుతుందట. అమ్మ పెట్టా పెట్టదు, అడుక్కు తినానివ్వదు!

ఏడాదికొకసారి కుప్పం దగ్గర గుట్ట కింద గన్‌మన్లందరికీ గురి పరీక్ష పెడతారు. బోర్డు మీద గుండ్రంగా గీత గీసి ఉంటుంది, ఐదు తూటాలు కాల్చాలి, గుళ్ళు గీత లోపల పడాలి. ఎప్పుడూ ఆ ఏజెన్సీ తూటాలతోనే మొక్కుబడిగా అయిపోయేది. మొన్నటేడు కొత్త మాట వచ్చింది. తప్పినవాడికి తుపాకి డ్యూటీ ఉండదు, కర్ర పట్టుకోవాల్సిందే. కర్ర జీతం వేరు. అప్పటికి నా కూతురు కుప్పంలోనే నర్సింగ్ చదువుతోంది, హాస్టల్లో ఉంటోంది. తుపాకి జీతంతో ఆ హాస్టల్ నడుస్తోంది. కర్ర జీతంతో నడవదు.

పరీక్షకు మాత్రం ఎవరి తూటాలు వాళ్ళు తెచ్చుకోవచ్చన్నారు. సరే అని బెంగళూరుకు పోయి, లైసెన్సు చూపించి, మంచి కంపెనీ తూటాలు చిన్న డబ్బా తెచ్చాను. మా ఆవిడ దాన్ని బీరువాలో తన పెళ్ళిచీర కింద పెట్టి తాళం వేసింది.

"వాటితోనే రెండు దినాలు ప్రాక్టీసు చేస్తే బాగుంటుందేమో" అన్నాను.

"ఉండేదే పిడికెడు. మనింట్లో ఎప్పుడూ దినామూ రేషన్ బియ్యం, సుట్టాలొస్తే సన్నబియ్యం గదా? మంచివి పరీక్షకు పెట్టుకో. ప్రాక్టీసుకు ఆ ఏజెన్సీ పీడలు సాల్లే" అంది.

తప్పేముంది ఆ మాటలో? ఎవరింట్లోనైనా అదే చెబుతారు. నేనూ ఔనన్నాను.

ఏజెన్సీవాటికీ ఆమె అన్యాయం చేయలేదులెండి. ఆయుధ పూజనాడు బెల్టులోవి కూడా తీసి పీట మీద నిలబెట్టి, ఒక్కొక్క ఇత్తడి టోపీకీ కుంకుమ బొట్టు పెట్టి, నీళ్ళు చల్లింది.

"అమ్మా తల్లీ, తడిస్తే పేలవు!" అని అరిచాను.

"ముందు పేలినాయా ఏం?" అంది.

పరీక్షకు ముందురోజు పొద్దున బయలుదేరి, పలమనేరులో బస్సు మారి కుప్పం చేరాను. ఆ రోజు ప్రాక్టీసు. ఏజెన్సీవాళ్ళు గుప్పెడు ఎర్ర తూటాలు చేతిలో పోశారు. కుప్పం బ్రాంచిలో గన్‌మన్ ఒకతను నా పక్కన నిలుచున్నాడు. అతనూ మిలిట్రీవాడే, మనసులో ఏదీ దాచుకోడు.

మొదటిది పేలింది. రెండోది టక్కుమంది. బోర్డువైపే పట్టి నిలుచున్నాను. లేదు. మూడోది టక్కుమంది, నేను ఊపిరి వదలబోతుంటే ధన్‌మంది, భుజం అదిరిపోయింది. నా పక్కనున్నతను తలకొట్టుకున్నాడు.

"మా పక్క రైతులు ఏనుగుల్ని తరిమేదానికి పెట్టుకున్న టపాకాయలే మేలప్పా. అంటిస్తే నమ్మకంగా పేలుతాయి."

మధ్యాహ్నం దాకా అదే వరస. పేలుతుందా, పేలదా, ఇప్పుడా, ఇంకాసేపటికా. చివరికొకటి టక్కుమని ఊరుకున్నాక అతను నా మోచేయి పట్టుకున్నాడు. ఈసారి నవ్వడం లేదు.

"సూసినావా? అది పేలనే లేదు, అయినా నీ గొట్టం కిందికి పోయింది. నీ చెయ్యి ముందే ఉలిక్కిపడతాంది. సూసుకో."

"నీ కళ్ళు సూపించుకోపో!" అన్నాను కోపంగా. కోపమెందుకొచ్చిందంటే, నేనూ చూశాను గనక.

మర్నాడు నా పేరు పిలిచారు. డబ్బా విప్పాను. కొత్త ఇత్తడి తళతళలాడుతోంది. చేతికి బరువుగా, నున్నగా, దర్జాగా ఉన్నాయి. మనసులో అనుకున్నాను, ఇవి మంచివి, ఇవి మోసం చేయవు, నువ్వు గురి మీద ఉండు చాలు అని. పైకి గొణిగాను కూడా. ఎవరికి చెప్పాలి? చేతికి చెప్పాలి. చేతికి చెవులుండవు కదా.

ఐదూ పేలాయి. ఒక్కటీ ఆలస్యం చేయలేదు, వేలు నొక్కడం, పేలడం. మొదటిదాని గుళ్ళు గీత అంచున పడ్డాయి. మిగిలిన నాలుగూ బోర్డు కింద మట్టిలో దుమ్ము లేపాయి. వేలు నొక్కేలోపలే చెయ్యి భయపడి గొట్టం దించేస్తోంది. కళ్ళారా చూస్తున్నాను, పట్టుకోలేకపోతున్నాను. నా చెయ్యే! ఇన్నేళ్ళు నాకు అన్నం పెట్టిన చెయ్యి. వద్దురా, వద్దురా అంటుంటే దించుతోంది. అంత అసహాయంగా నేను మిలిట్రీలో కూడా ఎప్పుడూ నిలబడలేదు.

పరీక్ష పెట్టిన పోలీసు అధికారి చెడ్డవాడేం కాదు. "పెద్దాయనా, వయసైంది గదా, కళ్ళు చూపించుకోండి" అన్నాడు మెల్లగా.

"కళ్ళు కాదు సార్, ఏజెన్సీ తూటాలు. అవి కాల్చీ కాల్చీ చెయ్యి బెదిరి…" అని మొదలుపెట్టాను.

సూపర్‌వైజర్ అడ్డం వచ్చాడు. "ఈ దినం కాల్చినవి నీవే గదప్పా? బెంగళూరువి. అన్నీ పేలినాయా లేదా?"

"పేలినాయి."

"ఇంకేమి మరి? ఆడలేక మద్దెల ఓడంటాండావు."

ఏం చెప్పేది? మద్దెల ఆ రోజు బాగానే ఉంది. పక్కన నిలుచున్న కుప్పం అతను చెప్పబోయాడు గానీ, అతని వంతు ఇంకా రాలేదు, అతనికీ పిల్లలున్నారు. నేనే వద్దన్నట్టు తలాడించాను.

అక్కడి నుంచి కూతురి హాస్టల్‌కు పోయాను. పోకుండా ఉండాల్సింది. గేటు దగ్గరికి పరుగెత్తుకొచ్చింది.

"ఏమయింది నాయనా? పేలినాయా?"

"అన్నీ పేలినాయి పాపా."

అబద్ధం కాదు. ఆ పిల్ల ముఖం వెలిగిపోయింది. అక్కడికక్కడే వాళ్ళమ్మకు ఫోన్ కలిపింది. "అమ్మా, నాయనవి అన్నీ పేలినాయంట!" ఫోన్‌లో మా ఆవిడ దేవుడికి మొక్కుకోవడం నాకు వినబడుతూనే ఉంది. గేటు ఊచ పట్టుకొని వింటూ నిలుచున్నాను. ఇంటికి పోయాక ఆమెకు చెప్పాను. పాపకు ఇంకా చెప్పలేదు, హాస్టల్ ఫీజు కట్టడానికి మళ్ళీ డబ్బు అడిగినప్పుడు చెప్పాలి.

ఇప్పుడు అదే బ్యాంకులో కర్ర పట్టుకొని టోకెన్ల దగ్గర నిలబడుతున్నాను. నా కుర్చీలో బైరెడ్డిపల్లె అతనొకడు కూర్చుంటున్నాడు, పరీక్షలో నెగ్గినవాడు, సొంత తుపాకి ఉన్నవాడు. ఏజెన్సీవాళ్ళు నా బెల్టులోని ఎర్ర తూటాలు తీసి అతనికిచ్చారు. ఇత్తడి టోపీల మీద మా ఆవిడ పెట్టిన కుంకుమ ఇంకా అట్లాగే ఉంది.

మొన్న అవ్వ వచ్చింది. కుర్చీలో కొత్త మనిషిని చూసి, నా చేతిలో కర్రను చూసి, ఆ కుర్చీ పక్కనే చతికిలబడింది.

"యాలప్పా, తుపాకి పెరికేసినారా?"

"నాకు వయసైందిలే అవ్వా."

కొత్తతని ఒళ్ళో తుపాకిని గడ్డంతో చూపించింది. "ఇది పేలుతాదా?"

"పేలకేం!" అన్నాడతను రొమ్ము విరిచి.

అవ్వ అతణ్ణి పట్టించుకోలేదు. మోకాళ్ళ మీద చేతులు పెట్టుకొని లేచి నా దగ్గరికొచ్చింది. "ఈయప్ప ఎవురో నాకు తెల్దు. నా దుడ్డంతా తీసుకొని పోదామనే వచ్చినా. నువ్వు సెప్పు. నువ్వైతే అబద్ధం సెప్పవు."

లోపల మేనేజరు, కుర్చీలో కొత్త గన్‌మన్, వెనక క్యూ. అందరూ మా వైపే చూస్తున్నారు.

"పేలుతాదవ్వా" అన్నాను.

"అట్లయితే సరి. ఈడనే ఉండనీ" అని, చెప్పులు వేసుకొని పెద్దపంజాణి బస్సుకు వెళ్ళిపోయింది.